పొద్దున విచ్చుకోవాల్సిన ఆకులు

మా చిన్నప్పుడు... చెనిక్కాయ చేను గట్టు మీద నిలబడి నాయన మునెప్పకు మాట ఇవ్వబోతున్నాడు. మిట్టమధ్యాహ్నం. అమ్మ వెనక నేను సద్ది గిన్నె పట్టుకుని ఉన్నాను.

ఏర్పేడు నుంచి శ్రీకాళహస్తి పోయే దారిలో మా మెట్ట చేను. వేరుశనగను మేం చెనిక్కాయ అనేవాళ్ళం. ఆ ఏడు పూత బాగా వచ్చింది... కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. బావి నీళ్ళు తాగడానికే చాలవు. ఇంట్లో పొద్దున ఒక్కసారే పొయ్యి వెలిగేది.

మునెప్ప గొర్రెల కాపరి. చేను మేపుకోనిస్తే కొన్ని రాత్రులు మందను మా నేలలోనే ఆపుతాడు. మేత ఆయనకు, ఎరువు మాకు. సరేనంటే వచ్చే ఏటికి విత్తనం కూడా మిగలదు. వద్దన్నాక చేను ఎండిపోతే... పంటా లేదు, ఎరువూ లేదు.

"ఇంకేముండాదన్నా ఈడ? ఆకులన్నీ చేతులు జోడించేసినాయి. సెలవియ్యమని దండం పెడతా ఉండాయి సూడు," అన్నాడు మునెప్ప.

"ఆ దండం నీ గొర్రెలకప్పా, మమ్మల్ని తినొద్దని," అంది అమ్మ.

నాయన నవ్వలేదు. "తోలుకో మునెప్పా..." అనేశాడు.

అమ్మ అడ్డం వచ్చింది. మధ్యాహ్నం చూసి చేను సంగతి తేల్చకూడదనేది మా ఇంటి కట్టుబాటు. అది నేర్పింది నాయనే.

"ఎండకు ఓర్సుకోలేక మూసుకునింది. పొద్దున ఆకు విచ్చుకోకపోతే అప్పుడు పోయినట్టు. ఈ మాట నాకు చెప్పింది నువ్వు కాదా?"

"రేపు పొద్దెక్కితే నేను స్వర్ణముఖి ఏటి పక్కకు పోవాల వదినా. గొర్రెలు ఆగవు," అన్నాడు మునెప్ప.

"పొద్దెక్కేలోపలే చెప్తాంలే," అంది అమ్మ.

తెల్లవారుజామున ముగ్గురం చేనికి వెళ్ళాం. మునెప్ప మంద అప్పటికే గట్టు అవతల ఉంది. చెనిక్కాయ చెట్టు రాత్రి కూడా ఆకు ముడుచుకుంటుంది... చీకటి పోయేదాకా ఏమీ తెలియదు. నాయన చేను వైపు వీపు పెట్టి, తిరుమల కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. అమ్మ ఒక చెట్టు ముందు గొంతుక్కూర్చుంది. ఆమె పక్కన నేను.

వెలుతురు వచ్చింది. ఆకులు అలాగే ఉన్నాయి.

"సూసినావా వదినా?" అన్నాడు మునెప్ప మెల్లగా. ఒక గొర్రె గట్టు దాటి ఒక రెమ్మ కొరికింది. దాన్ని ఎవరూ అదిలించలేదు.

ఎప్పుడు కదిలిందో నాకు తెలియలేదు... చూస్తుండగానే నాలుగు రెక్కల ఆకు ఒకటి కొంచెం ఎడమైంది. పక్కది కూడా. కాసేపటికి పల్లపు మడంతా అరచేతులు చాపినట్టు తూర్పుకు తెరుచుకుంది. మెరక మీది గులకనేల మాత్రం ముడుచుకునే ఉండిపోయింది.

"ఇటు తిరుగు," అంది అమ్మ.

నాయన తిరిగాడు. చాలాసేపు రెండు వైపులా చూశాడు. "మెరక నీది మునెప్పా. పల్లంలోకి ఒక్క గొర్రె దిగకూడదు," అన్నాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున అదే పరుగు... ఆకు విచ్చుకుందా అని. వాన ఆలస్యంగా వచ్చింది. పల్లంలో విత్తనానికి, ఇంటి నూనెకు సరిపడా కాయ దొరికింది. అంతే. మెరకలో మరుసటి ఏడు ఎరువు బలం కనిపించింది.

ఆకు ఎండతో తిండి వండుకుంటుందని తర్వాత బడిలో చెప్పారు. కిరణజన్య సంయోగక్రియ అని పలకలేక తిప్పలు పడ్డాను గానీ, సంగతి నాకు ముందే అర్థమైంది. నీళ్ళు తక్కువైనప్పుడు మధ్యాహ్నం పొయ్యి ఆర్పుకుని, పొద్దున చల్లపూట వండుకోవడం... మా ఇంట్లో అమ్మ చేసిందీ అదే.

ఇప్పుడు ఆ చేను ప్లాట్లయింది. పల్లం, మెరక ఒక్కటిగా చదును చేసేశారు. నాకు తిరుపతిలో మిద్దె మీద నాలుగు తొట్లున్నాయి. మధ్యాహ్నం ఏ మొక్కైనా వాడితే పీకేద్దామంటుంది మా అమ్మాయి. రేపు పొద్దున చూద్దాంలే అంటాను... పొద్దున ఇప్పటికీ పరుగునే పైకెక్కుతాను.

మీ ఇళ్ళల్లో పొద్దున లేవగానే ముందు దేన్ని చూసి ఊపిరి పీల్చుకునేవాళ్ళు...?