మా బావ చేయించిన ఇనుప స్టాండ్లు

చిత్తూరు నుంచి వచ్చే పొద్దుటి బస్సు మా బడి ముందు ఆగదు. ఆ రోజు ఆగింది. డ్రైవరు దిగకుండానే తల బయటికి పెట్టి, "అయ్యోరా, మీ బావ పోయినాడు. తెల్లారేసరికి లేడంట. మీకు సెప్పమన్నారు" అన్నాడు. నేను ఇంకేమైనా అడిగేలోగా బస్సు తిరుపతి వీధుల్లోకి వెళ్ళిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. యుద్ధం రోజుల నుంచి ఎన్ని చావులకు వెళ్ళి వచ్చానో. గంజికి లేక పోయినవాళ్ళు, జ్వరాలతో పోయినవాళ్ళు. మనసు మొద్దుబారిపోయింది. హెడ్మాస్టరుకు ఒక మాట చెప్పి, పిల్లలకు లెక్కలిచ్చి, తరువాతి బస్సు ఎక్కి కూర్చున్నాను. చంద్రగిరి దాటాక గాని ఆయన ఇక లేడన్న మాట లోపలికి దిగలేదు.

మా అక్క భర్త ఆయన. ఒక పాత కారు పెట్టుకుని చిత్తూరులో బాడుగకు తిప్పేవాడు. ఆయన తమ్ముడూ, తమ్ముడి భార్యా కూడా ఆ ఇంట్లోనే. ఎవరింటికి వెళ్ళినా కుర్చీని ఒకసారి చేత్తో ఊపి చూసి గాని కూర్చునేవాడు కాదు. నిచ్చెన కనిపిస్తే కింది మెట్టు తొక్కి చూసేవాడు. కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎందుకో తెలిసిన మాకు నవ్వు వచ్చేది కాదు.

యుద్ధం మొదలైన కొత్తల్లో, వాన వెలిసిన మధ్యాహ్నం, ఇంటి పెరట్లో కారు బాగు చేస్తున్నారు అన్నదమ్ములు. వాళ్ళ దగ్గర ఉన్నది మర తిప్పి లేపే పాత జాకీ. అడుగు సన్నం. దాని పక్కన ఆసరాగా ఇటికెలు పేర్చారు. "నువ్వు దూరి ఆ గొట్టం బిగించు. నేను మజ్జిగ తాగి వస్తా" అని తమ్ముడితో చెప్పి బావ వంటింట్లోకి వెళ్ళాడు. తడినేలలో జాకీ ఒరిగింది. ఇటికెలు పొడైపోయాయి. బావ పరిగెత్తుకొచ్చేసరికి పిలవడానికి తమ్ముడు లేడు.

ఆ రోజు తమ్ముడి భార్య ఒకే మాట అంది. "నీ మాటకే గదా బావా దూరినాడు."

ఆ తరువాత ఆమె ఆయనతో మాట్లాడలేదు. పుట్టింటికీ పోలేదు. అదే ఇంట్లో ఉండి అందరికీ వండింది. ఆయనకు అన్నం వడ్డించేది, కళ్ళెత్తి చూసేది కాదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే మా అక్కతో చెప్పేది. బావ కారు మీద టార్పాలిను కప్పి, వేరుశనగ మిల్లులో పనికి కుదిరాడు. ఎలాగూ పెట్రోలు దొరకని రోజులు. నేను వెళ్ళినప్పుడల్లా ఆ ముగ్గురూ మూడు గదుల్లో ఉండేవాళ్ళు.

యుద్ధం అయిపోయింది. అప్పటికే కొండమీదికి కార్లు పోయే రోడ్డు కూడా పడింది. మిల్లులో పని తగ్గింది. కారు అమ్మేయమని అందరమూ చెప్పాం. కొనేవాళ్ళు కూడా వచ్చారు. ఆయన ఒప్పుకోలేదు.

"అమ్మితే ఇంగొకడి పెరట్లో ఇంగొకడు దూరతాడప్పా దీని కిందికి. వానికి ఎవురు సెప్తారు?" అన్నాడు నాతో. "నేనే బాగు చేసుకుంటా. ముందు సరైన జాకీ కావాల."

అలా మేమిద్దరం మద్రాసు వెళ్ళాం. మిలిటరీవాళ్ళు వదిలేసిన సామాన్లు అమ్మే పాత ఇనుము కొట్లు అక్కడ వరసగా ఉండేవి. ఆ ఎండలో కొట్టు తరువాత కొట్టు తిరిగాం. నాకు కాళ్ళు లాగేశాయి. బావ మాత్రం ప్రతి కొట్లోనూ బోర్లా పడుకుని జాకీల అడుగులు చూశాడు. చక్రం గాలి పోయి కారు కిందికి దిగినప్పుడు కూడా ఇరుసు కింద పట్టేంత పొట్టిగా ఉండాలి. అడుగు వెడల్పుగా ఉండాలి. కారు బరువుకు మించి లేపగలగాలి. చివరికి నూనెతో లేచే జాకీ ఒకటి నచ్చింది.

"ఏనుగునైనా లేపుతుంది సామీ!" అన్నాడు కొట్టతను.

"లేపుతుంది సరే. లేపినాక పట్టుకోని ఉంటుందా?"

కొట్టతను నవ్వి, "ఉండక ఏం చేస్తుంది?" అన్నాడు.

బావ నవ్వలేదు. జాకీ తీసుకుని బయటికి వచ్చాక అన్నాడు: "లోపల తోలు ముక్క అరిగితే నూనె జారిపోతుంది. ఎత్తేది వేరప్పా, మోసేది వేరు. ఎత్తేదానికి గడియసేపు బలం చాలు. మోసేదానికి నిలబడే గుణం ఉండాల."

ఆ తరువాత నా బతుకులో చాలాచోట్ల ఆ మాట గుర్తుకొచ్చింది. ఆపదలో ఎత్తడానికి పదిమంది వస్తారు.

లేపిన కారును మోసే ఇనుప స్టాండ్లు చిత్తూరులోనే కమ్మరి చేత చేయించాడు. కమ్మరి మొదట చేసినవాటి మీద బావ తానే ఎక్కి నిలబడి ఇటూ అటూ ఊగి చూశాడు. "కాళ్ళు ఇంగా ఎడంగా పెట్టు" అని తిప్పి పంపాడు. రెండోసారి పై తల నున్నగా ఉంది. ఇరుసు జారుతుందని, గుంటగా వంచమన్నాడు. కమ్మరి విసుక్కున్నాడు. "కారు కిందికా, కోట కిందికా సామీ ఇవి?" అన్నాడు. బావ మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు.

స్టాండ్లు వచ్చిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను. బావ పెరటి నేల గట్టిపరిచి, మందపాటి చెక్కలు పరిచాడు. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. జాకీతో కారు లేపి, స్టాండ్లు ఇరుసు కింద నిలిపి, బరువు వాటిమీదికి మెల్లగా దించాడు. భుజం ఆనించి కారును నెట్టాడు. నన్ను నెట్టమన్నాడు. కదల్లేదు. అయినా ఆయన కిందికి దూరలేదు. పాత గోనెపట్ట పరుచుకుని, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

"ఈ పొద్దు వద్దులే బావా" అన్నాను.

అప్పుడు వంటింటి తలుపు దగ్గర నుంచి తమ్ముడి భార్య వచ్చింది. చేతులకు పిండి ఉంది. ఎవరినీ చూడకుండా కారు దగ్గరికి వచ్చి, రెండు చేతులూ ఆనించి, ఉన్న బలమంతా పెట్టి నెట్టింది. ఒకసారి కాదు. పళ్ళు బిగబట్టి, ఏడుస్తూ, దాన్ని పడగొట్టాలన్నట్టే నెట్టింది. కారు ఉన్నచోటే ఉంది. మా అక్క వచ్చి పట్టుకోబోతే విదిలించుకుంది. చివరికి అలిసిపోయి, ఊపిరి తీసుకుని, అన్నేళ్ళ తరువాత ఆయన ముఖం వైపు చూసింది.

"ఇంగ దూరు బావా. కదల్లేదు" అంది.

ఆయన దూరాడు. ఆయన బయటికి వచ్చేవరకూ ఆమె అక్కడే నిలబడి ఉంది.

ఆ తరువాత ప్రతిసారీ ఆమె వచ్చి నెట్టి చూశాకే బావ కారు కిందికి వెళ్ళేవాడు. ఎక్కువ మాటలేమీ పెరగలేదు. "కూర ఇంగొంచెం ఏసుకో బావా" అన్నంతవరకే. అదే ఆ ఇంటికి చాలు. కార్లున్నవాళ్ళు ఎవరైనా అడిగితే స్టాండ్లు అరువిచ్చేవాడు. తానే వెంట వెళ్ళి, నెట్టి చూసి వచ్చేవాడు. కార్వేటినగరం దాకా కూడా వెళ్ళాడు. ఎందుకీ తిరుగుడు అంటే, "నిద్ర పడుతుందప్పా" అనేవాడు.

ఈ ఏడాదంతా రొమ్ములో నొప్పి అంటున్నాడట. మాకు చెప్పనివ్వలేదు. "పడుకున్నోడు పడుకున్నట్టే పోయినాడురా. మొగంలో అలుపు తప్ప ఏం లేదు" అంది అక్క. ఆమె గొంతులో కూడా అదే అలుపు.

కర్మలు ముగిశాక నేను తిరుపతికి బయలుదేరాను. ఎండ ఇంకా ఎక్కలేదు. వాకిట్లో తోటికోడళ్ళు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చింతపండు కొడుతున్నారు. ఇంట్లో ఎప్పటి పని అప్పుడు ఉంటుంది గదా. ఒకరు గింజ రాలగొడుతుంటే ఒకరు ఈనెలు తీస్తున్నారు. నేను వెళ్ళొస్తానంటే ఇద్దరూ తల ఊపారు గాని చేతులు ఆపలేదు. వీధి మలుపు తిరిగేదాకా ఆ రాతిమీద సుత్తె చప్పుడు, ఆగి ఆగి, నా వెనకే వస్తూ ఉంది.