మూడు సెకన్ల ఎర్రగీత

“మాటలన్నీ ఉంచి, ఊరుకున్న చోట ఎర్రగీత కొడితే ఎలాగక్కా? అక్కడ నేను నోరే విప్పనుగా,” అంటూ దోంగ్ యూ బల్ల మీదికి వంగాడు. “విప్పవు కాబట్టే కొట్టాను,” అంది గుయిఫెన్ తలెత్తకుండా.

చైనాలోని టియాంజిన్‌లో హాస్య ప్రదర్శనల స్క్రిప్టులు ప్రభుత్వం తరఫున ముందుగా చదివి ముద్ర వేయడం ఆవిడ ఉద్యోగం. ముద్ర పడకపోతే శనివారం దోంగ్ యూ స్టేజీ ఎక్కలేడు. కాలేజీ మానేసిన వాడికి మిగిలింది ఆ స్టేజీ ఒక్కటే. ఆవిడ గాజు సీసాలోని చేమంతి టీ ఒక గుక్క తాగుతుంది, వేలు తడి చేసుకుని కాగితం తిప్పుతుంది, పెదవులు కదుపుతూ ప్రతి వాక్యమూ చదువుతుంది. పదేళ్లుగా ఆ కుర్చీలో ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. “‘మా డైరెక్టరు గారు మీటింగుల్లో కళ్లు మూసుకుని ప్రజల కోసం ఆలోచిస్తారు.’ ఇది ఉండనీ. కింద ‘మూడు సెకన్లు ఆగాలి’ అని రాశావే, ఆ మూడు సెకన్లలో జనం ఏమనుకుంటారో కూడా రాసిస్తావా?”

“వాళ్లేమనుకుంటే మనకేంటక్కా?”

“కింద సంతకం నాది నాయనా.”

“సరే, ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తా. అప్పుడూ నవ్వుతారు, చూస్తూండు.”

ఆవిడ ముద్ర వేసింది. అతను కాగితాలు తీసుకుని లేవబోతుంటే సీసా మూత బిగించి, వరండా వైపు ఒకసారి చూసింది. “శనివారం ఎలాగూ ఆగవు కదా. ఆ తలుపు దగ్గరికి వేసి, నా ముందు ఒక్కసారి ఆగి చెప్పు.”