శౌరయ్యగారి రసాలు

లోడు మీద టార్పాలిన్ బిగించాక ఆవు వీపు నిమిరినట్టు ఓసారి నిమరందే ఆటోనగర్ లారీ కంపెనీ గుమాస్తా శౌరయ్య లారీని కదలనివ్వడు. తమ లారీలో సరుకుకి ఎవరైనా వంక పెడితే కన్నకూతుర్ని అన్నట్టే మండిపడతాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర నూజివీడు రసాల లారీ కాలవలో బోల్తాపడితే, ఇన్సూరెన్సు నుంచి కంపెనీ నష్టం రాబట్టే పని ఆయన మీదే పడింది. “ఒక్క పండూ దక్కలేదండీ!” అని, బెల్‌బాటం వేసుకొచ్చిన ఇన్సూరెన్సాయన ముందు తువాలుతో కళ్ళొత్తుకున్నాడు. భోజనం వేళ వచ్చిన మనిషిని ఊరికే పంపడానికి మనసొప్పక, ఆటోనగర్ వెనకే ఉన్న ఇంటికి తీసుకెళ్ళాడు. భార్య మణెమ్మ అలవాటుగా పెరుగన్నంలోకి మామిడిపండు వేసింది. ఇన్సూరెన్సాయన చీకి, “కాస్త పులుపండీ” అన్నాడు. శౌరయ్య చెవులు ఎర్రబడ్డాయి.

“పులుపా? మా లారీలో పళ్ళండీ ఇవి! కాలవలో మునిగినా తేనెలా ఉన్నాయి!”

మణెమ్మ బుట్ట దాచేలోపే ఇన్సూరెన్సాయన రెండో పండు అందుకున్నాడు.

“నిజమే, తీపే. ఇంకా ఎన్ని బుట్టలు మిగిలాయండీ?”