యాభై ఆకుల కట్ట

సుబ్బరత్నం మేడం మతిమరుపు ముసలివాళ్లతో కూలి పని చేయిస్తోందని దవాఖానా పెద్ద డాక్టరుకు అర్జీ రాసిచ్చింది రూప్‌సింగే. ఆ వార్డులో ఉన్నది అతని తల్లి బాలి. అది 1992 ఎండాకాలం.

బాలి కొడుకు పేరు మరిచిపోయింది. ఏన్కూరు దగ్గరి తమ తండానూ మరిచిపోయింది. పొద్దంతా తలుపుల వెంట తిరిగేది, పట్టుకోబోతే రక్కేది. నేలకొండపల్లి నుంచి వచ్చిన సుబ్బరత్నం ఆక్యుపేషనల్ థెరపిస్టు. రోగుల చేతులను మళ్లీ పనిలో పెట్టడం ఆమె ఉద్యోగం. తట్టెడు తునికాకు తెప్పించి బాలి ముందు పెట్టింది. ముప్పై వేసవులు బీడీ ఆకు కోసి కట్టిన చేతులు ఎవరూ చెప్పకుండానే కదిలాయి. యాభై ఆకులు, ఒక నార ముడి. మళ్లీ యాభై. ఆ వారం బాలి ఎవరినీ రక్కలేదు. కడుపునిండా తిన్నది.

రూప్‌సింగ్ చూసింది మాత్రం ఆకు ఒక్కటే. బస్సు కండక్టరు అతను, తండాలో మొదటి నౌకరీ. ఆ నౌకరీ వచ్చిన నాడే తల్లిని ఇక ఆకుకు పోనియ్యనని ఒట్టు పెట్టుకున్నాడు.

“మా అమ్మ ఇంకా గీ ఆకే కట్టాల్నా మేడం?” అని అడిగి, జవాబు వినకుండా పోయి అర్జీ రాశాడు.

పెద్ద డాక్టరుకు కావలసిందీ అదే. రోగులకు ఆయన పెట్టిన ప్రోగ్రాంలో ప్లాస్టిక్ పూసలు, రంగుల పెన్సిళ్లు, భజన క్యాసెట్టు ఉండేవి. చూడవచ్చినవాళ్లకు ఫొటో బాగా వస్తుంది. అది పిల్లల ఆట, వీళ్ల చేతులకు తెలిసిన పని ఇవ్వండని సుబ్బరత్నం రిపోర్టు రాసింది. హైదరాబాదు మీటింగులో మిగతా థెరపిస్టులు చాయ్ తాగుతూ ఆ మాటే అన్నారు. కాగితం మీద మాత్రం ప్రోగ్రాం బాగుందని సంతకాలు చేశారు. డాక్టరు అర్జీని అడ్డం పెట్టుకొని ఆమెను వార్డు నుంచి తీసి దవాఖానా బట్టల స్టోరుకు పంపేశాడు.

బాలి పూసలు నోట్లో వేసుకుంది. తర్వాత దుప్పట్లు చింపసాగింది. ఆఖరికి ఆమె చేతులను మంచం పట్టెకు కట్టేశారు.

అది చూసి రూప్‌సింగ్ స్టోరుకు పరుగెత్తాడు. అర్జీ వాపసు తీసుకుంటానని, వచ్చి డాక్టరుకు ఒక్క మాట చెప్పమని బతిమాలాడు. వాళ్లిద్దరూ కలిసింది అదే ఆఖరు. ఆమె కూర్చోమనలేదు. అరలోంచి, చిరిగిన దుప్పట్లతో వార్డు నుంచి స్టోరుకు వచ్చిన పీలికల కట్టలు తీసి బల్ల మీద పెట్టింది. ప్రతి కట్టకూ అదే ముడి.

“నా మాట ఇంకెవరు ఇంటరు రూప్‌సింగ్. మీ అమ్మ చింపినయి ఇవి. ఎంచి చూసిన. కట్టకు యాభై. ఒక్కటి తక్కువ లేదు.”