టీ దగ్గర చెప్పేసిన కల

అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఎం.ఎస్. చదువుతున్న రోజుల్లో, లైబ్రరీలో శనివారం ఉదయాలు ఉచితంగా జరిగే కథారచన తరగతిలో నేనూ నా రూమ్మేటూ చేరాం. మొదటి రోజే టీచర్ తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, వచ్చిన కలను అందులో రాయమన్నారు. మాట్లాడితే కల చెడిపోతుందని ఆవిడ నమ్మకం. అందుకు ఆధారం ఏమిటని అడిగాను. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లూ డిబేట్ టీమ్‌లో ఉన్నదాన్ని. ఆధారం లేని మాటను ఒప్పుకోవడం నాకు చేతకాదు. ఆవిడ నవ్వి, రాసి చూడమన్నారు.

నా కలలు తెలుగులో వచ్చేవి. మంచం మీద కూర్చుని ఇంగ్లీషులోకి మార్చుకునేలోపే సగం జారిపోయేవి. అందుకని నియమం తప్పి, వంటింట్లో టీ కాస్తున్న రూమ్మేట్‌కి ముందు తెలుగులో చెప్పి, తర్వాత రాసుకునేదాన్ని. ఆమెది వరంగల్. నాకన్నా ఏడాది చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. తనకు కలలు గుర్తుండవనీ, పుస్తకం ఖాళీగానే ఉందనీ దిగులుపడేది.

మూడో వారం టీచర్, కల ఎవరిది అన్న ప్రశ్న వేశారు. నేను లేచి నిలబడ్డాను. మా ఇళ్లల్లో మాట్లాడే తెలుగులో మనిషి కలను కనడు, కలే మనిషి దగ్గరికి వస్తుంది. ‘నాకు కల వచ్చింది’ అన్నప్పుడు ఆ వాక్యానికి కర్త కల, నేను కాదు. తనంతట తాను వచ్చి వెళ్లేది ఎవరి సొత్తూ కాదు అని వాదించాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా రూమ్మేట్ అందరికన్నా గట్టిగా కొట్టింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ కల వచ్చింది. మా కాలేజీ సెమినార్ హాల్లో డిబేట్. ఎదుటి పక్షాన మా అమ్మ. సమయం అయిపోవస్తోందని హెచ్చరిక గంట మోగినా ఆమె నోరు విప్పలేదు. కొంగుముడి విప్పి బల్ల మీద ఉప్పు పోసింది. జడ్జీలు ఆ ఉప్పును వేళ్లతో తాకి, నాలుకకు రాసుకుని, ఆమె గెలిచిందని ప్రకటించారు.

ఇంట్లో నేను అమ్మను గెలవని వాదన లేదు. నెలసరి రోజుల్లో వంటింట్లోకి రావద్దన్నప్పుడు గెలిచాను. ఇక్కడికి వస్తానన్నప్పుడూ గెలిచాను. జవాబు దొరకనప్పుడల్లా ఆమె మాట్లాడకుండా నా మజ్జిగలో ఉప్పు కలిపి ముందు పెట్టేది. ఆ మౌనాన్ని నేను ఓటమి కింద లెక్క వేశాను. ఆ కలను కథగా రాసి, తెలుగులో తిరగరాసి అమ్మకు పంపాలనుకున్నాను. ఆమెను క్షమాపణ అడగడానికి నాకు తోచిన దారి అదొక్కటే. టీ దగ్గర చెబుతుంటే రూమ్మేట్ కళ్లు తుడుచుకుంది.

రెండు వారాల తర్వాత, తరగతిలో ఆమె తన కథ చదివింది. హాలు, గంట, ఉప్పు, అన్నీ ఉన్నాయి. అమ్మ మాత్రం వాళ్లమ్మ. చివర్లో ఆ కూతురు బల్ల మీది ఉప్పును ఎత్తి తన కొంగున కట్టుకుంటుంది. ఆ ముగింపు నాకు తట్టలేదు. టీచర్ ఆ చివరి పేరా మళ్లీ చదవమన్నారు.

ఇంటికి తిరిగి వస్తూ కార్‌లో అన్నాను: “అది మా అమ్మ.”

“మా అమ్మ అనే రాసిన కదక్కా.”

“కల నాది.”

డ్రైవ్ చేస్తూ నా వైపు చూడకుండానే అంది: “కల ఎవ్వరి సొంతం కాదని నువ్వే అన్నవ్. క్లాస్ మొత్తం చప్పట్లు కొట్టింది. నేను గూడ కొట్టిన.”

దారి పొడుగునా ఖండించాను. కల ఎవరిదీ కాకపోయినా చెప్పిన తీరు చెప్పినవారిదేనన్నాను. నమ్మి చెప్పినదాన్ని వాడుకోవడం ద్రోహమన్నాను. మాటలో తడబాటు లేదు. ఒక్కదానికీ ఆమె జవాబివ్వలేదు. కారు ఆపాక మాత్రం, “నీతోని వాదించి ఎవ్వలు గెలుస్తరక్కా” అని లోపలికి వెళ్లింది. టీ కాసి, నా కప్పు నా ముందు పెట్టింది. నేను తాగలేదు.

టీచర్‌కి చెప్పవచ్చు. తేదీ వేసి రాసుకున్న పేజీ నా సంచిలోనే ఉంది. ఎప్పుడూ అందరినీ అడిగే ఆధారం ఈసారి నా దగ్గరే ఉంది. కానీ దాన్ని చూపించాలంటే, చప్పట్లు కొట్టించుకున్న నా వాదన తప్పని అదే గదిలో ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. ఆ కథ నేను రాస్తే కాపీ కొట్టినట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మకు పంపడానికైతే ఆ అడ్డు లేదు, అయినా రాయలేదు.

ఆ తర్వాత ఎవరి టీ వాళ్లం కాచుకున్నాం. టీచర్ చెప్పినట్టే, లేవగానే, ఎవరితోనూ మాట్లాడకుండా పుస్తకం తెరిచేదాన్ని. తేదీ వేసి, కింద ‘కల రాలేదు’ అని రాసేదాన్ని. అలా పదకొండు పేజీలు నిండాయి.

తరగతి చివరిలో ఇవ్వవలసిన రచనగా, మా అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో అంటించిన నిబంధనలు ఎంత అన్యాయమైనవో రాసి ఇచ్చాను. టీచర్ దాన్ని తిరిగి ఇస్తూ చివరన ఒకే వాక్యం రాశారు: చాలా బాగా వాదించావు.