గీత దాటిన నీళ్లు

సుకుమారి టీచరమ్మ కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకమని పటేల్‌గూడ కాలనీలో పాలవాడి నుంచి పాస్టరుగారి దాకా అందరూ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, పట్టించుకోదు. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. బియ్యం కొంటే తూకం చూస్తుంది, వార్త వింటే ఎవరు చెప్పారని అడుగుతుంది.

ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఆమె ఎర్ర కారు ఉంటుంది. పాతికేళ్ల నాటి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. ఆమె భర్త మాథ్యూ ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఎవరో పెద్దసారు తుప్పుపట్టిందని వదిలేస్తే ఇంటికి లాక్కొచ్చి, ఆరేళ్ల సెలవులన్నీ దానికే ధారపోసి నిలబెట్టాడు. యాభై దాటాక ఆమెకు డ్రైవింగూ నేర్పాడు. ఆదివారం ఇద్దరూ చర్చి ముందు అందులోంచి దిగితే "ఆరాధనకా, రేసుకా?" అని పాస్టరుగారు ఆటపట్టించేవారు. రెండేళ్ల కిందట మాథ్యూ జబ్బుచేసి పోయాడు. కారు మిగిలింది, దాన్ని చూసుకునే పద్ధతీ మిగిలింది.

పద్ధతి అంటే ప్రతి శనివారం తెల్లారగానే, బండి స్టార్టు చేయకముందే ఇంజనును చల్లబరిచే కూలెంట్ చూడటం. వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుందని, వేడి మీద కొలిస్తే లెక్క తప్పుతుందని మాథ్యూ చెప్పేవాడు. బానెట్ ఎత్తి, రేడియేటరు చల్లగా ఉందో లేదో అరచేత్తో చూసి, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మీది రెండు గీతల మధ్య మట్టం ఎక్కడుందో చూస్తుంది. డబ్బా పాతబడి పసుపు రంగుకు తిరిగింది కాబట్టి లోపలి రంగు తెలియదు, మట్టమే తెలుస్తుంది. మాథ్యూ పోయిన వారం ఒక్కసారి దిగితే తానే నింపింది; అప్పటినుంచి రెండేళ్లుగా ఆ మట్టం పైగీత మీదే ఉంటోంది.

ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. అంత కిందనున్న సీట్లోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. అందుకే కారు అమ్మేద్దామనుకుంది. వెలిమెలలో ఉండే వరుణ్ అనే కుర్రాడికి నచ్చింది. వచ్చేవారం భార్యతో శ్రీశైలం ఘాటు రోడ్డు ఎక్కాలని అతని సరదా. "రెండేండ్లల్ల చుక్క తగ్గలే బాబూ, నా మాట నమ్ము," అని సుకుమారి చెప్పింది. ఆమె అంత గట్టిగా మాట ఇవ్వడం అరుదు.

వరుణ్ పదింటికి వస్తానన్న శనివారం, పొద్దున్నే ఆమె బానెట్ ఎత్తింది. మట్టం పైగీతకు వేలెడు పైన ఉంది. రేడియేటరు చల్లగా ఉంది. పదార్థం దానంతటది పుట్టదని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన మనిషి ఒక్క క్షణం బిత్తరపోయింది. మూత తీసి వేలు ముంచింది. కూలెంటుకు ఉండాల్సిన జిగట లేదు. గులాబీ రంగూ లేదు, ఉత్త నీళ్లే. డబ్బా మూతి చుట్టూ తెల్లటి పక్కు కట్టింది. బోరు నీళ్లు కాచే గిన్నెకు అడుగున పట్టేదీ అదే.

కారు రెండో తాళంచెవి పక్కింటి ఓదెలు దగ్గర ఉంటుంది. నలభై ఏళ్లు లారీ నడిపాడు. ముత్తంగి దగ్గర లారీ ఆగిందంటే ముందు రేడియేటరుకు నీళ్లు, తర్వాతే తనకు టీ. ఆమె పిలవగానే వచ్చాడు, అడగగానే ఒప్పుకున్నాడు.

"సార్ పోయినంక మొదటి శనివారం నీళ్లు దిగినయని బానెట్ మీద తలపెట్టి ఏడ్సిన్రు గద టీచరమ్మా. నా కండ్లతోని సూసిన. గప్పటి సంది శుక్రారం శుక్రారం ఒక గిలాసు పోస్తున్న. ఇయ్యాల కొనేటాయన వస్తుండని జెర ఎక్కువనే పోసిన."

"రెండేండ్ల సంది కారుతున్నదా?"

"కారుతున్నది. షెడ్డుల మట్టి నేల గదా, తడి కండ్లవడదు." ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "పరేషాన్ గాకుండ్రి. సిరంజితోని గీత దాక గుంజేస్త. ఆయనకేం ఎరుక?"

సుకుమారి డబ్బా మూత బిగించింది. గీత దాకా తీసేస్తే నిజంగానే ఎవరికీ తెలియదు. ఘాటు ఎక్కాక ఇంజను ఉడికిపోతే అప్పుడు తెలుస్తుంది, పక్కన ఆ కుర్రాడి భార్య ఉండగా. కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. ఊరందరి తూకాలు చూసే తాను ఇంట్లో మట్టం చూసి మోసపోయింది.

పదింటికి వరుణ్ వచ్చాడు. ఆమె కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది. "నేను చెప్పింది తప్పు బాబూ. బండి కారుతున్నది. నాకు తెల్వదు, తెల్వకుండనే మాటిచ్చిన."

వరుణ్ కాసేపు కారు చుట్టూ తిరిగాడు. "వారానికి ఎంత దిగుతది ఆంటీ?" అని అడిగాడు. ఇన్నాళ్లూ ఓదెలు పోస్తుండటంతో ఆ లెక్క తనకు తెలియదంది. అది తెలిశాక ఫోన్ చేయమని చెప్పి వెళ్లిపోయాడు.

సోమవారం మెకానిక్ వచ్చి లోపలి నీళ్లన్నీ వదిలేసి, కడిగి, కొత్త కూలెంట్ గీత దాకా పోశాడు. ఎక్కడ కారుతోందో వెతికేముందు ఎంత కారుతోందో చూడమన్నాడు. ఈసారి చెయ్యి పెట్టొద్దని ఓదెలుకు గట్టిగా చెప్పింది. ఆయన తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టేశాడు.

శనివారం ఆమె బానెట్ ఎత్తేసరికి ఓదెలు గోడ పక్కన వచ్చి నిలబడ్డాడు. మట్టం గీతకు రెండు వేళ్లు కిందికి దిగింది.

"తప్పయింది టీచరమ్మా," అన్నాడు. "మీరు బాధపడొద్దని..."

"దవాఖానల గూడ గిట్లనే చేసిన్రు," అంది సుకుమారి, డబ్బా మీంచి చూపు తిప్పకుండా. "సార్‌కు మంచిగైతున్నదని డాక్టరన్నడు, మా అక్క అన్నది, నువ్వు గూడ అన్నవు. అందరి మాట నమ్మి, ఆఖరి దినం నేను ఆయనతోని ఇంటికి సున్నం ఏపిచ్చే సంగతి మాట్లాడిన. అడిగేటివి శానా ఉండె ఓదెలన్నా. సున్నం సంగతి మాట్లాడిన."

సుకుమారి ఏడ్చింది, దాచుకోకుండా చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని వరుణ్‌కు ఫోన్ చేసి, వారానికి రెండు వేళ్లు దిగుతోందని చెప్పింది.