ఇద్దరికి సరిపడే పిట్టల పుస్తకం

ఈమధ్యే నా రెండో కంటికి కూడా శుక్లం తీశారు. కట్టు విప్పాక డాక్టరమ్మ కిటికీ అవతల ఏం కనపడుతోందో చెప్పమంటే, వేపకొమ్మ మీద గోరింక ఉందనీ, దాని కంటి చుట్టూ పసుపు ఉందనీ, ఆ పసుపు కూడా వంటింటి పసుపు కాదు, నిమ్మపండు పసుపనీ చెప్పాను. చూపు ఉందా లేదా అని అడిగితే చీరల బేరం పెట్టాడేమిటీ ముసలాయన అనుకుని ఉంటుంది పాపం. ఆ సంగతి చిత్తూరులో ఉన్న మా అక్క కూతురికి చేరింది. ఆ పిల్ల సంతోషం పట్టలేక నాకొక పిట్టల పుస్తకం కొనిపెడతానని, ఫోనులో నాలుగు పుస్తకాల అట్టబొమ్మలు పంపించి, అవి నేను తెరిచి చూసేలోపలే ఫోను చేసింది.

"మామా, వీటిలో యాది పంపించేది? లావుది ఒకటుండాది, జోబీలో పట్టేది ఒకటుండాది. నువ్వు ఒక్కడివే కదా పోయేది, లావుది ఎందుకులే మోసుకోని!"

ఆలోచించి చెబుతానమ్మా అని పెట్టేశాను. పిట్టల పుస్తకం ఎంచడంలో నాకున్నంత అనుభవం తిరుపతిలో ఇంకొకరికి ఉండదని లోలోపల నాకొక గర్వం ఉండేది, తీరా అడిగేసరికి ఆ అనుభవమేదీ అక్కరకు రాలేదు. ఇన్నేళ్ళూ నేను ఎంచిన పుస్తకాలన్నీ ఇద్దరు మనుషుల కోసం ఎంచినవి. ఒక్కడి కోసం ఎలా ఎంచుకోవాలో నాకు తెలియదు.

ఆ రెండో మనిషి మా బావ, ఆ పిల్ల నాయన. నగరిలో మా ఇళ్ళన్నీ మగ్గాల ఇళ్ళే. రెక్కాడితే గానీ డొక్కాడని అలాంటి ఇళ్ళనుంచి వచ్చి, ఇంకెవరి రెక్కలో చూడ్డానికి ఆదివారం పూట పనిమాలా బస్సెక్కిపోయే మగవాళ్ళను మావాళ్ళు ఎంత ముద్దుగా తిట్టేవారో నా ఈడు వాళ్ళు ఊహించుకోగలరు. బావ చిత్తూరు బజారులో చీరల కొట్టు నడిపేవాడు, నేను రేణిగుంటలో ఒక లారీ కంపెనీ ఆఫీసులో గుమాస్తాని. ఆయన అటునుంచి, నేను ఇటునుంచి బయలుదేరి పూతలపట్టు కూడలిలో కలుసుకుని, ఒక టీ తాగి, ఆ పక్కనున్న బండరాళ్ళ గుట్టకు నడిచిపోయేవాళ్ళం.

మాకొక పద్ధతి ఉండేది. మన పొదల్లో పిట్ట ఫొటోకి నిలబడినట్టు నిలబడదు కదా, తల దించి పుస్తకం చూసి తల ఎత్తేలోపల కొమ్మ ఊగుతూ ఉంటుంది, అంతే. అందుకని బావ దుర్భిణి పట్టుకుని పిట్ట మీదనుంచి చూపు తీసేవాడు కాదు, నేను పుస్తకం మీదనుంచి తీసేవాణ్ణి కాదు. నావి సోడాబుడ్డి కళ్ళద్దాలు, పైగా రోజంతా కాగితాలు తిరగేసే ఉద్యోగం కాబట్టి, పని పంపకం మీద మాకెప్పుడూ తగువు రాలేదు. ఆయన చూసింది చూసినట్టు చెప్పేవాడు, కానీ చీరల కొట్టు మనిషి కదా, తోకను కొంగంటూ, చీర విప్పి చూపించినట్టే చెప్పేవాడు.

"ఒళ్ళు కాఫీపొడి, తల నలుపు, కొంగు చివర తెలుపు, కొంగు కింద ఎరుపు! తిప్పబ్బా, తిప్పు! ఏంది, పుస్తకంలో నిద్దరపోయినావా?"

అది మామూలు పికిలిపిట్టని నేను పుట వెతికి చెప్పేసరికి, పిట్ట ఇంకో ఊరి పొలిమేరలో ఉండేది.

మొదటి పుస్తకం మద్రాసులో పాతపుస్తకాల అంగట్లో దొరికింది. ఉష్ణదేశాల పక్షులన్నీ అందులోనే అని అట్ట మీద రాసి ఉంటే, మన ఎండలకంటే ఉష్ణం ఏముంటుందని కొనేశాను. ఇటుకంత పుస్తకం. అన్ని దేశాలూ ఒకే అట్టల మధ్య కుక్కితే ఏమవుతుందో తొందరలోనే తెలిసింది. ఒక ఆదివారం బావ చెప్పిన గుర్తులన్నీ అతికినట్టు సరిపోయే పిట్ట దొరికింది, అది బోర్నియో అడవుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదని కింద రాసి ఉంది. మేమిద్దరం ఆ కింది వాక్యం చదవలేదు. కొన్ని వారాలపాటు చీరల కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ బావ ఆ పిట్ట సంగతి చెప్పుకున్నాడు. చివరికి ఆ వాక్యం చదివింది మా అక్క.

"వీసా లేకుండా వచ్చిండాది పాపం, కాఫీ ఏమన్నా ఇచ్చినారా దానికి?" అంది.

ఆనాటినుంచి మా ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా బోర్నియో పోయిందనే అనేవాళ్ళు. నేను నేర్చుకున్న మొదటి పాఠం అది: మన ఊరి పిట్టలకు ప్రపంచమంత పుస్తకం అక్కర్లేదు.

రెండోసారి ఫొటోల పుస్తకం కొన్నాం. నిగనిగలాడే కాగితం, చూస్తే కళ్ళు తిరిగేవి. కానీ ఫొటోలో పిట్ట ఆ ఒక్క క్షణం, ఆ ఒక్క వెలుతురులో ఎలా ఉందో అలాగే ఉంటుంది. బావ నెమలికంఠం రంగని అరిస్తే, పుస్తకంలో అదే పిట్ట నీడలో కూర్చుని నల్లగా నన్ను చూసేది. చీరను కొట్టులో దీపం కింద చూసి కొనకూడదని ఊరందరికీ చెప్పే మనిషి, ఈ పుస్తకాన్ని దీపం కిందే కొన్నానని తెగ బాధపడ్డాడు.

మూడోది కుదిరింది. గీసిన బొమ్మలు, దక్షిణాది పిట్టలు మాత్రమే, ఒకే పోలికవన్నీ ఒకే పుటలో పక్కపక్కన, ఏ పిట్ట ఎక్కడ తిరుగుతుందో చూపే చిన్న పటం బొమ్మ పక్కనే. చిత్రకారుడు ఎవరో గానీ రంగుల విషయంలో బావ మాట విని గీసినట్టే గీశాడు. ఎవరైనా నన్నడిగితే ఇప్పటికీ ఇదే చెబుతాను. మా ఇద్దరికీ ఆ ఒక్క పుస్తకమే చాలా ఏళ్ళు సరిపోయింది.

ఆ గుట్ట మీదే పసుపుగొంతు పికిలి ఉండేది. ప్రపంచంలో ఇంకెక్కడా లేకుండా మన దక్షిణాది రాళ్ళగుట్టల్లో మాత్రమే బతికే పిట్ట. బావ దాన్ని ఎన్నిసార్లు చూశాడో, నేను అన్నిసార్లూ దాని బొమ్మ చూశాను. పిట్ట పేరు నేనే చెప్పేవాణ్ణి, చూసింది మాత్రం ఆయన. ఒకసారి నామీద జాలిపడి, పాత్రలు మార్చుకుందామన్నాడు. నేను దుర్భిణి పట్టుకుని చెమటకు మసకేసిన అద్దాల్లోంచి ఊగుతున్న ఆకును పిట్ట అనుకుని వర్ణిస్తుంటే, ఆయన బాతుల పుటల్లో తిరుగుతున్నాడు.

"ఆకు మాదిరి ఉండాదా? అయితే అది ఆకే సామీ! ముందు కండ్లు బాగుసేయించుకో. ఆపొద్దు నువ్వు సూడు, నేను తిప్పుతా."

సరే బావా అన్నాను. ఆఫీసు పనులనీ, భయమనీ, వచ్చే చలికాలమనీ కళ్ళ పని వాయిదా వేసుకుంటూ వచ్చాను. ఈలోపల ఒక సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు బావ గుండె ఆగిపోయింది. ఆయన పోయాక మా పుస్తకాన్ని అక్క తన చీరల మధ్య పెట్టుకుంది. నేను అడగలేదు, ఆమె ఇస్తాననలేదు.

మేనకోడలికి చివరికి జోబీలో పట్టేదే పంపమన్నాను. మంచి పుస్తకమే, వంకపెట్టడానికి లేదు. తీసుకుని ఒక ఆదివారం పూతలపట్టులో దిగాను. టీ అంగడి ఆయన చిత్తూరు బస్సు వచ్చే వైపు ఒకసారి చూసి, ఒక్క గ్లాసే నింపి చేతికిచ్చాడు.

గుట్ట మీద మునుపు మేం కూర్చునే బండ మీదే కూర్చున్నాను. ఎండ ఎక్కకముందే ఎదురు రాతి మీద ఒక పిట్ట వాలింది. కళ్ళద్దాలు లేవు, మసక లేదు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు నా నోరు దానంతటదే పలికింది: ఒళ్ళు బూడిద, తల పసుపు, గొంతు పసుపు, నిమ్మపండు పసుపు బావా, అంచు లేదు. పలికి, పుట తిరిగే చప్పుడు కోసం ఆగాను. పుస్తకం నా జేబులోనే ఉంది. దాన్ని తీసి చూడాల్సిన అవసరం నాకు లేదు, ఆ బొమ్మ నాకు కంఠస్థం.

ఇప్పుడు పిట్టల పుస్తకాలు తేలికయ్యాయి, రంగులు నికార్సుగా పడుతున్నాయి, అదీ బరువనుకుంటే ఫోను ముందు పెడితే కూత విని పేరు చెప్పేస్తుంది. అది ఎన్నడూ బోర్నియో పోదు, బాతుల పుటల్లో వెతకదు, నిద్రపోయావా అని తిట్టదు. అన్నీ ఒక్క మనిషికి సరిపడేట్టు తయారవుతున్నాయి, బహుశా మనుషులు ఒక్కొక్కరే మిగులుతున్నారని ముందే తెలిసి కాబోలు.

ఆ పిట్ట మాత్రం ఎగిరిపోలేదు. ఇన్నేళ్ళూ నేను తల ఎత్తేలోపల మాయమైనది, ఆపొద్దు ఎండ చురుక్కుమనేదాకా ఆ రాతి మీదే గంతులేస్తూ ఉంది. చివరికి నేనే ముందు లేచి, గుట్ట దిగి వచ్చేశాను.